చివర హెచ్ ఉందా, లేదా? ఎలక్ట్రిక్ కారు స్పెసిఫికేషన్లు చదివే పద్ధతి

ఒకరోజు రాత్రి పదిన్నరకు మా అక్క ఫోన్ చేసింది. "ఒరేయ్, రెండు కార్ల కాగితాలు ముందేసుకుని కూర్చున్నా. ఒకదానికి 110 అని ఉంది, రెండోదానికి 60 అని ఉంది. 110 బ్యాటరీయే పెద్దది కదా, అదే తీసుకుందామా?" అంది. ఫొటో తీసి పంపమన్నాను. చూస్తే 110 పక్కన కిలోవాట్లు అనీ, 60 పక్కన కిలోవాట్ అవర్లు అనీ ఉంది. మొదటిది మోటారు బలం, రెండోది బ్యాటరీలో పట్టే కరెంటు. వీటిలో ఏది పెద్దదని అడగడం మనిషి ఎత్తునూ బరువునూ పక్కపక్కన పెట్టి ఏది ఎక్కువని అడిగినట్టు.

నేను పదహారేళ్లుగా ఫ్యాక్టరీలో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ పనిలో ఉన్నాను. మూడున్నరేళ్లుగా ఎలక్ట్రిక్ కారు నడుపుతున్నాను. ఛార్జింగ్ పెట్టిన ప్రతిసారీ ఎంత శాతం దగ్గర పెట్టాను, ఎంత సేపు పట్టింది, ఎన్ని యూనిట్లు ఎక్కాయి అని ఒక నోట్‌బుక్కులో రాసుకుంటాను. ఆ రాత్రి అక్కకు గంటన్నర సేపు చెప్పిందంతా, నోట్‌బుక్కులో ఉన్న అంకెలు కలిపి, ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఈ రెండూ విడదీయాలి

కరెంటు మీటరులో తిరిగే "యూనిట్" మనందరికీ తెలుసు. ఆ యూనిట్ పేరే కిలోవాట్ అవర్. 2 కిలోవాట్ల గీజరు అరగంట ఆన్‌లో ఉంటే ఒక యూనిట్ కాలుతుంది. అందులో కిలోవాట్ అనేది ఏ క్షణానికి ఎంత జోరుగా లాగుతోందో చెబుతుంది. అలా ఎంత సేపు లాగితే మొత్తం ఎంత ఖర్చయిందో కిలోవాట్ అవర్ చెబుతుంది. కాబట్టి కాగితం మీద అంకె కనిపించగానే దాని పక్కనున్న అక్షరాల (kW, kWh) చివర హెచ్ ఉందో లేదో చూడండి. హెచ్ ఉంటే అది నిల్వ. లేకపోతే అది జోరు: మోటారుదైనా కావచ్చు, ఛార్జరుదైనా కావచ్చు.

60 కిలోవాట్ అవర్ల బ్యాటరీ అంటే 60 యూనిట్లు. అదే గీజరును 30 గంటలు ఏకధాటిగా నడిపించే కరెంటు. వినడానికి చాలా ఎక్కువగా ఉంటుంది. కానీ ఒక లీటరు పెట్రోలులో ఉండే శక్తి దాదాపు 9 యూనిట్లు. అంటే ఇంత పెద్ద బ్యాటరీలో ఉన్నది ఏడు లీటర్ల పెట్రోలు కన్నా తక్కువే. అంత కొంచెంతో కారు మూడు నాలుగు వందల కిలోమీటర్లు ఎలా పోతుందంటే, ఇంజన్ తాగిన పెట్రోలులో ఎక్కువ భాగం వేడి కింద పోతుంది, మోటారు మాత్రం తీసుకున్న దాంట్లో ఎక్కువ భాగాన్ని చక్రాలకే అందిస్తుంది. ఇది గుర్తుంటే తరవాత వచ్చే ఒక సంగతి తేలిగ్గా అర్థమవుతుంది: ఎలక్ట్రిక్ కారులో స్పీడు పెంచినా, ఎదురుగాలి తగిలినా, ఏసీ ఎక్కువ పెట్టినా రేంజ్‌లో తేడా వెంటనే ఎందుకు కనిపిస్తుందో. ఉన్న నిల్వే తక్కువ మరి.

మోటారు బలం గురించి ఎక్కువ చెప్పను. ఒకే కారుకు ఒకచోట 147, ఇంకోచోట 150 అని కనిపిస్తే కంగారు పడకండి. 110 కిలోవాట్లను హార్స్‌పవర్‌లో చెబితే 147, పీఎస్ అనే మెట్రిక్ లెక్కలో చెబితే 150. ఇంకోటి, ప్రకటనలో రాసేది పీక్ పవర్, అంటే కొద్దిసేపు మాత్రమే ఇవ్వగలిగింది. మోటారు అరగంట పాటు ఆగకుండా ఇవ్వగలిగే పవర్ వేరే ఉంటుంది, అది దానికన్నా బాగా తక్కువ. కొన్ని దేశాల్లో రిజిస్ట్రేషన్ కాగితాల మీద ఆ అంకే వేస్తారు, అది చూసి మోసపోయామనుకునేవాళ్లు ఉన్నారు. మోసమేమీ లేదు. టార్క్, అంటే చక్రాన్ని తిప్పే బలం, న్యూటన్ మీటర్లలో ఉంటుంది. ఎలక్ట్రిక్ మోటారు అది కదలడం మొదలైన క్షణం నుంచే పూర్తిగా ఇస్తుంది, అందుకే కాలు పెట్టగానే కారు దూకినట్టు ఉంటుంది. ఇప్పుడొచ్చే కార్లలో రోజువారీ డ్రైవింగ్‌కు బలం చాలనిది నాకైతే కనిపించలేదు. ఆ అంకె మీద సమయం వృథా చేయకండి.

బ్యాటరీ మొత్తం మీ చేతికి రాదు

బ్యాటరీ సైజుకు రెండు అంకెలు ఉంటాయి. గ్రాస్ అంటే సెల్స్ అన్నీ కలిపి పట్టేది. యూజబుల్ లేదా నెట్ అంటే మనల్ని వాడుకోనిచ్చేది. పూర్తిగా నింపినా, పూర్తిగా ఖాళీ చేసినా లిథియం సెల్ త్వరగా పాడవుతుంది కాబట్టి, పైనా కిందా కొంత భాగాన్ని కంపెనీలు తాళం వేసి ఉంచుతాయి. ఆ తాళం చెవి బీఎంఎస్, అంటే బ్యాటరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్ దగ్గర ఉంటుంది. ప్రతి సెల్ వోల్టేజీనీ వేడినీ చూసుకునేది అదే. స్క్రీన్ మీద 100 శాతం అని కనిపిస్తే యూజబుల్‌లో నూరు శాతం అని అర్థం. నా కారు బ్రోషర్‌లో 60 అని ఉంది, నాకు దొరికేది 57. లెక్కలన్నీ 57తోనే వేయాలి. కొన్ని కంపెనీలు పెద్ద అక్షరాల్లో గ్రాస్ వేస్తాయి, కొన్ని నెట్ వేస్తాయి. రెండు కార్లను పోల్చేటప్పుడు రెండింటిలోనూ ఒకే రకం అంకె తీసుకోకపోతే ఆ పోలికకు అర్థం లేదు.

రేంజ్ ఎవరి లెక్క?

రేంజ్ పక్కన ఒక టెస్టు పేరు ఉంటుంది, అది చదవకుండా రేంజ్ చదవకూడదు. యూరప్‌లో డబ్ల్యూఎల్‌టీపీ, అమెరికాలో ఈపీఏ, చైనాలో సీఎల్‌టీసీ, ఇండియాలో ఎంఐడీసీ. డబ్ల్యూఎల్‌టీపీ 2017లో పాత ఎన్‌ఈడీసీ టెస్టు స్థానంలోకి వచ్చింది. ఈ టెస్టులో ల్యాబులో రోలర్ల మీద, 23 డిగ్రీల వేడిలో, అరగంట సైకిల్‌లో 23 కిలోమీటర్లు నడుపుతారు. గరిష్ఠ వేగం 131 దాకా వెళ్తుంది, కానీ ఆగడాలు కూడా కలిపితే సగటు వేగం గంటకు 46 కిలోమీటర్ల చిల్లర. అంటే ఊళ్లో, ఊరి బయట కలిపి తిరిగేవాళ్లకు ఆ అంకె దగ్గరగానే ఉంటుంది. హైవే మీద గంటల తరబడి ఒకే స్పీడులో పోయేవాళ్లకు ఉండదు. ఈపీఏలో ల్యాబులో వచ్చిన దాన్ని మామూలుగా 0.7తో గుణించి తగ్గించి ప్రకటిస్తారు, అందుకే ఒకే కారుకు ఈపీఏ అంకె తక్కువగా ఉంటుంది. సీఎల్‌టీసీ అంకె డబ్ల్యూఎల్‌టీపీ, ఈపీఏల కన్నా ఉదారంగా ఉంటుంది. ఒక కారు డబ్ల్యూఎల్‌టీపీ రేంజ్‌నూ ఇంకో కారు సీఎల్‌టీసీ రేంజ్‌నూ పక్కపక్కన పెట్టారంటే కొనేవాడు తప్పుదోవ పట్టినట్టే.

నా మటుకు నేను రేంజ్ అంకెను పక్కనపెట్టి కన్సంప్షన్ చూస్తాను. ఎలక్ట్రిక్ కారుకు అసలైన మైలేజీ అదే. కిలోమీటరుకు ఇన్ని వాట్ అవర్లు అనో, 100 కిలోమీటర్లకు ఇన్ని యూనిట్లు అనో ఉంటుంది. అంకె ఎంత తక్కువైతే అంత మంచిది. మైళ్ల లెక్క వాడే చోట యూనిట్‌కు ఇన్ని మైళ్లని రాస్తారు, అక్కడ అంకె ఎక్కువైతే మంచిది. యూనిట్‌కు 4 మైళ్లంటే కిలోమీటరుకు 155 వాట్ అవర్లు.

నా నోట్‌బుక్కులో ఉన్నవి చెబుతాను. ఊళ్లో తిరిగితే కిలోమీటరుకు 130. హైవే మీద నిలకడగా గంటకు 100లో పోతే 175. 120లో పోతే 210. 57,000ను వీటితో భాగించండి: 438, 325, 271. బ్రోషర్ చెప్పింది 450. కారు అదే, బ్యాటరీ అదే. 100 నుంచి 120కి వెళ్లినందుకు యాభై నాలుగు కిలోమీటర్లు పోయాయి. గాలి ఒత్తిడి వేగం వర్గంతో పెరుగుతుంది కదా. స్పెసిఫికేషన్లలో సీడీ అని ఒక చిన్న అంకె ఉంటుంది, అది డ్రాగ్ కోఎఫిషియంట్, గాలిని కారు ఎంత సులువుగా చీల్చుకుపోతుందో చెబుతుంది. 0.20, 0.21 దాకా దించిన సెడాన్లు ఉన్నాయి, ఎత్తైన ఎస్‌యూవీలు 0.30 చుట్టుపక్కల ఉంటాయి. హైవే ప్రయాణాలు ఎక్కువ చేసేవాళ్లు మోటారు బలం కన్నా ఈ అంకెను ముందు చూడాలని నా అభిప్రాయం.

ఇక్కడ అక్క ఒక మంచి ప్రశ్న వేసింది. "అయితే 100లో పోతే 325 వస్తుందిగా, అంతదూరం ఆగకుండా పోవచ్చా?" పోలేం అక్కా అన్నాను. దారిలో బ్యాటరీని సున్నాకు తీసుకెళ్లం, ఛార్జర్ దగ్గర నూరు దాకా కూర్చోం. మామూలుగా 80 శాతంతో బయల్దేరి 10 దగ్గర ఆగుతాం. వాడేది 70 శాతం, నా కారులో 40 యూనిట్లు. దాన్ని 175తో భాగిస్తే 228 కిలోమీటర్లు. ఇంట్లో నూటికి నూరు నింపుకుని బయల్దేరే మొదటి విడత వేరు, ఆ తరవాత ప్రతి విడతా 228. దూర ప్రయాణాలకు పనికొచ్చే అసలు అంకె ఇదే. ఏ బ్రోషర్‌లోనూ ఉండదు, ఎవరికి వాళ్లు వేసుకోవాల్సిందే.

ఛార్జింగ్: అంకెలన్నీ తారుమారయ్యేది ఇక్కడే

బ్యాటరీలోకి వెళ్లేది ఎప్పుడూ డీసీ, అంటే ఒకే దిశలో పారే కరెంటే. గోడ నుంచి వచ్చేది ఏసీ, అంటే దిశ మార్చుకుంటూ ఉండే కరెంటు. మధ్యలో మార్చే యంత్రం ఎక్కడుంది అన్నదాన్ని బట్టి రెండు రకాల ఛార్జింగ్ వచ్చింది. ఇంట్లో పెట్టే ఏసీ ఛార్జింగ్‌లో ఆ పని కారు లోపలున్న ఆన్‌బోర్డ్ ఛార్జర్ చేస్తుంది. గోడకు బిగించే పెట్టెను అందరూ ఛార్జర్ అంటారు గానీ, అది నిజానికి కారుతో మాట్లాడి కరెంటును భద్రంగా వదిలే స్విచ్ లాంటిది మాత్రమే. కాబట్టి గోడకు 22 కిలోవాట్ల పెట్టె బిగించినా, కారులో ఆన్‌బోర్డ్ ఛార్జర్ 7.4దైతే 7.4 మాత్రమే ఎక్కుతుంది. మా సహోద్యోగి ఒకాయన పెద్ద పెట్టె కొని బిగించాక ఈ సంగతి తెలిసింది. ఆ డబ్బు తిరిగి రాలేదు.

7.4 ఎక్కడి నుంచి వచ్చిందంటే 230 వోల్టులను 32 ఆంపియర్లతో గుణించండి. సింగిల్ ఫేజ్‌లో మామూలుగా అదే హద్దు. త్రీ ఫేజ్‌లో ఒక్కో ఫేజుకు 16 ఆంపియర్లయితే 11, 32 అయితే 22. కారు త్రీ ఫేజ్ తీసుకునేదై ఉండాలి, ఇంటికి త్రీ ఫేజ్ కనెక్షన్ ఉండాలి. రెండింట్లో ఏది లేకపోయినా ఆ అంకె కాగితానికే పరిమితం. మామూలు ప్లగ్గులో పెడితే 2 నుంచి 3 కిలోవాట్లు వస్తుంది. మరో విషయం, గోడ నుంచి తీసుకున్నదంతా బ్యాటరీలోకి చేరదు. నా లెక్కలో ఏసీ మీద పదో వంతు దారిలో పోతోంది. బ్యాటరీలోకి 40 ఎక్కాలంటే మీటరు 44 తిరుగుతుంది. 7.4 మీద ఆరు గంటలు. కారు స్క్రీన్ మీది కన్సంప్షన్‌లో ఈ నష్టం మామూలుగా కనిపించదు, మీటరు మీదే తెలుస్తుంది.

డీసీ ఫాస్ట్ ఛార్జింగ్‌లో మార్చే యంత్రం బయటే, ఆ బీరువా లాంటి పెట్టెలో ఉంటుంది. ఆన్‌బోర్డ్ ఛార్జర్‌ను పక్కకు తప్పించి నేరుగా బ్యాటరీలోకి పంపుతుంది. "గరిష్ఠంగా 115 కిలోవాట్లు" అని నా కారు కాగితంలో ఉంది. మొదటిసారి 120 కిలోవాట్ల ఛార్జర్ దగ్గర పెట్టినప్పుడు స్క్రీన్ మీద 61 చూసి నిజంగా టెన్షన్ పడ్డాను. అప్పటికి నా బ్యాటరీ 62 శాతం ఉంది. మర్నాడు ఖాళీగా తీసుకెళ్లి, కారులోనే కూర్చుని రాసుకున్నాను. 18 శాతం దగ్గర 112. 50 దగ్గర 78. 80 దగ్గర 41. 90 దగ్గర 19. పది నుంచి ఎనభై దాకా 33 నిమిషాలు పట్టింది. ఎనభై నుంచి నూరు దాకా 34 నిమిషాలు! డెబ్బై శాతానికి పట్టినంత సమయం ఇరవై శాతానికి పట్టింది.

కారణం సెల్ లోపలుంది. ఛార్జ్ అయ్యేటప్పుడు లిథియం అయాన్లు గ్రాఫైట్ పొరల మధ్యలోకి వెళ్లి సర్దుకోవాలి. మొదట్లో చోటు ఉంటుంది కాబట్టి జోరుగా పంపొచ్చు. నిండే కొద్దీ అవి లోపలికి దూరడం ఆలస్యమవుతుంది. అప్పుడూ అదే జోరుతో తోస్తే అవి లోపలికి పోకుండా పైనే లోహంగా పేరుకుంటాయి. దాన్ని లిథియం ప్లేటింగ్ అంటారు, బ్యాటరీని శాశ్వతంగా దెబ్బతీస్తుంది. అందుకే బీఎంఎస్ జోరు తగ్గిస్తూ వస్తుంది. సెల్ బాగా చల్లగా ఉన్నా ఇదే ప్రమాదం, కాబట్టి చలిలోనూ ఛార్జింగ్ మందగిస్తుంది. ఛార్జర్‌కు చేరేలోపే బ్యాటరీని వేడి చేసుకునే సదుపాయాన్ని ప్రీకండిషనింగ్ అంటారు. చలి ఉండే చోట అది ఉన్న కారే తీసుకోండి.

అందుకని పీక్ అంకెను పక్కన పెట్టండి. "10 నుంచి 80 శాతానికి ఎన్ని నిమిషాలు" అన్నది పట్టుకోండి. యూజబుల్ కెపాసిటీలో 70 శాతం తీసుకుని ఆ సమయంతో భాగిస్తే సగటు జోరు తెలుస్తుంది. నాది 40 యూనిట్లు, 33 నిమిషాలు, సగటు 73. కాగితం మీది 115 ఎక్కడ, ఈ 73 ఎక్కడ. పీక్ 150 అని రాసుకుని సగటు 65 ఇచ్చే కారు కన్నా ఇదే నయం. ఇంకా, ఒకే పెట్టెకు రెండు గన్నులు, అంటే కారుకు గుచ్చే ప్లగ్గులు, ఉంటే రెండో కారు వచ్చి పెట్టగానే పవర్ పంచుకునేవి చాలా ఉన్నాయి. అది కారు తప్పు కాదు.

400 వోల్టులు, 800 వోల్టులు అని వినే ఉంటారు. పవర్ అంటే వోల్టేజీ ఇంటూ కరెంటు. 200 ఆంపియర్లు 400 వోల్టుల మీద 80 కిలోవాట్లిస్తే, అదే 200 ఆంపియర్లు 800 మీద 160 ఇస్తాయి. వైరు వేడెక్కేది కరెంటు వర్గాన్ని బట్టి. అందుకే వోల్టేజీ పెంచితే వైరు లావెక్కకుండానే జోరు పెంచొచ్చు. మామూలు జనానికి అమ్మిన కార్లలో దీన్ని ముందుగా తెచ్చింది పోర్షే టైకాన్, 2019లో. అయితే దారిలో ఛార్జర్లు అంత వోల్టేజీ ఇవ్వలేనివైతే ఆ లాభం రాదు. కొన్ని 800 వోల్టుల కార్లు అలాంటి చోట ఇంకా నెమ్మదిగా ఎక్కుతాయి కూడా. మీరు తిరిగే దారిలో ఏమున్నాయో చూసుకున్నాకే దీనికి విలువ కట్టండి.

కనెక్టర్లు క్లుప్తంగా. టైప్ 2 ఏసీకి. దాని కిందే రెండు లావు డీసీ పిన్నులు కలిపితే సీసీఎస్2. జపాన్ నుంచి వచ్చింది చాడెమో, చైనాలో జీబీ/టీ, టెస్లా 2022లో అందరికీ తెరిచింది ఎన్‌ఏసీఎస్. మీ ప్రాంతంలో ఏది వాడుకలో ఉందో అది కారుకు ఉంటే చాలు.

మిగతా అక్షరాలు

ఎల్‌ఎఫ్‌పీ, ఎన్‌ఎంసీ అనేవి బ్యాటరీ రసాయనాల పేర్లు. ఎల్‌ఎఫ్‌పీలో ఇనుము, ఫాస్ఫేట్ ఉంటాయి, నికెల్, కోబాల్ట్ ఉండవు. వేడికి ఓర్చుకుంటుంది, ఎక్కువ సార్లు ఛార్జింగ్‌ను తట్టుకుంటుంది. బరువు ఎక్కువ, చలిలో కాస్త బద్ధకం. ఎన్‌ఎంసీ అదే బరువులో ఎక్కువ నిల్వ ఇస్తుంది, కానీ రోజూ 80 దగ్గర ఆపితే దానికి మంచిది. ఎల్‌ఎఫ్‌పీని మాత్రం వారానికోసారి నూరు దాకా నింపమని చాలా కంపెనీలు చెబుతాయి. ఎందుకంటే దాని వోల్టేజీ మధ్యలో దాదాపు చదునుగా ఉంటుంది, ఎంత నిండిందో బీఎంఎస్‌కు అంచనా తప్పుతుంది. నూరు దాకా వెళ్తే లెక్క సరిచూసుకుంటుంది. ఎక్కువ ఏళ్లు ఉంచుకునేవాళ్లకు నేను ఎల్‌ఎఫ్‌పీయే చెబుతాను.

ఎస్‌ఓసీ అంటే ఇప్పుడు ఎంత నిండి ఉంది. ఎస్‌ఓహెచ్ అంటే కొత్తప్పటి కెపాసిటీలో ఇంకా ఎంత మిగిలింది. సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు ఓడోమీటర్ కన్నా ముందు ఈ రెండోది అడగండి. వారంటీ చాలా చోట్ల 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, 70 శాతం కన్నా పడిపోతే బాగుచేస్తామని ఉంటుంది. ఆ 70 అనే మాట కాగితంలో ఉందో లేదో వెతకండి. అది లేకుండా ఏళ్లు మాత్రమే రాసి ఉంటే, కెపాసిటీ తగ్గడానికి కూడా వారంటీ వర్తిస్తుందా అని రాతపూర్వకంగా అడగండి.

ఐపీ67లో 6 దుమ్ము చొరబడదని, 7 ఒక మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా నీరు లోపలికి పోదని. ఆ రేటింగ్ బ్యాటరీ ప్యాక్‌ది, కారు మొత్తానిది కాదు. వరద నీళ్లలో నడపడానికి అది అనుమతి కాదు, దయచేసి అలా అనుకోవద్దు. రీజెన్ అంటే కాలు తీసినప్పుడు మోటారే జనరేటరుగా మారి కారును నెమ్మదింపజేస్తూ కరెంటు వెనక్కి పంపడం. బ్యాటరీ నిండుగా ఉంటే పంపడానికి చోటుండదు కాబట్టి ఆ పట్టు తగ్గిపోతుంది. కొండ మీద నూరు దాకా నింపి దిగేవాళ్లకు ఇది తెలిసి ఉండాలి. వీ2ఎల్ అంటే కారు నుంచి బయటి సామాన్లకు కరెంటు తీసుకోవడం. ఇక ఇంత బ్యాటరీ ఉన్నా లోపల చిన్న 12 వోల్టుల బ్యాటరీ ఒకటి ఉంటుంది. పెద్ద బ్యాటరీని కలిపే కాంటాక్టర్లు అనే స్విచ్‌లను పనిచేయించేది అదే. అది చచ్చిపోతే 90 శాతం ఛార్జింగ్ ఉన్న కారు కూడా కదలదు. నాకు మూడో ఏట అలా జరిగింది. అప్పటి నుంచి ఏడాదికోసారి దాన్ని టెస్ట్ చేయిస్తున్నాను.

అక్కకు చివరగా ఒక పని చెప్పాను. టెస్ట్ డ్రైవ్ కోసం ఊళ్లో రెండు వీధులు తిప్పితే ఒప్పుకోవద్దు. ట్రిప్ మీటర్ సున్నా చేయించు, హైవే ఎక్కు, ఏసీ వేసుకుని గంటకు 100లో ముప్పై కిలోమీటర్లు వెళ్లి అదే దారిలో తిరిగి రా. పోయేటప్పుడు ఎదురుగాలి ఉంటే వచ్చేటప్పుడు వెనక నుంచి ఉంటుంది, ఎత్తుపల్లాలు కూడా సరిపోతాయి. వచ్చాక స్క్రీన్ మీది కన్సంప్షన్ ఒక్కటి రాసుకో అన్నాను.

శనివారం మధ్యాహ్నం మెసేజ్ వచ్చింది. "168 వచ్చిందిరా. యూజబుల్ ఎంతని అడిగితే అక్కడి అబ్బాయికి తెలియలేదు, మాన్యువల్ తెప్పించి చూశా, 58.4. డెబ్బై శాతం 40.9. అంటే ఆగి ఆగి పోతే విడతకు 243. మీ బావగారి పుట్టింటికి ఒక్కసారి ఆగితే చాలు. ఆన్‌బోర్డ్ ఛార్జర్ 11 అంటున్నారు, మనది సింగిల్ ఫేజే కదా, దానికి ఎక్కువ డబ్బు ఎందుకివ్వాలని అడుగుతున్నా."